పని మందైన చోటు, వెట్టైన చోటు

మనసు వైద్యం నడిచిన దారి – 9వ భాగం

పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో రోగుల గొలుసులు ఊడిన సంగతి గత భాగంలో చూశాం. ఆ పేరు వైద్యుడు ఫిలిప్ పినెల్‌కు వచ్చినా, 1797లో అక్కడ ముందుగా చేయి వేసింది వార్డులు చూసుకునే జాఁ బాప్తిస్త్ పుస్సాఁ. గొలుసు ఊడదీయడం ఒక్క పూట పని. మర్నాడు తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా ఆ మనిషి ఏం చేస్తూ ఉండాలన్నది మాత్రం ఇవాళ్టికీ పూర్తిగా తేలని ప్రశ్న. యూరప్ వైద్యులు దానికి చెప్పిన జవాబు ఒక్కటే: పని. ఈ రోజు ఆక్యుపేషనల్ థెరపీ అని పిలుస్తున్న వైద్యశాఖ ఆ జవాబులోంచే పుట్టింది. అదే జవాబులోంచి, అవే గోడల మధ్య, కూలి లేని చాకిరీ కూడా పుట్టి ఒక శతాబ్దానికి పైగా బతికింది. ఈ రెండింటినీ విడదీసే గీత ఎక్కడుంది? చేసే పనిలో లేదని నా వాదన. చీపురు పట్టడమైనా, మగ్గం నేయడమైనా, తోటలో పాదులు తవ్వడమైనా ఒక చోట మందైంది, మరో చోట వెట్టి అయింది. ఎవరి మేలు కోరి ఆ పని పెట్టారు, వద్దనే వీలు రోగికి ఉందా, దాని ఫలం ఎవరి చేతికి చేరింది అన్నవే తేడా తెచ్చాయి. వెట్టిచాకిరీ కథలు పెద్దల నోట విన్న తెలుగు నేలకు ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. వైద్యులు దాన్ని ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది.

మొదట్లో ఉద్దేశం మంచిదే. ఇంగ్లండులోని యార్క్ నగరంలో క్వేకర్ మతస్తుడైన టీ వర్తకుడు విలియం ట్యూక్ 1796లో రిట్రీట్ అనే చికిత్సాలయం తెరిచాడు. అక్కడి పద్ధతులను అతని మనవడు శామ్యూల్ ట్యూక్ 1813లో పుస్తకంగా రాశాడు. రోగిని భయపెట్టి అదుపు చేయడం కన్నా, తనను తాను అదుపు చేసుకునే శక్తిని అతనిలోనే మేల్కొలపాలన్నది వాళ్ల నమ్మకం, అందుకు పనిని మించిన సాధనం లేదన్నది వాళ్ల అనుభవం. రిట్రీట్ చిన్నది. అక్కడివాళ్లకు రోగి పేరు తెలుసు, ఇంటి సంగతులు తెలుసు. 1801లో వచ్చిన పినెల్ గ్రంథంలో ఇంకో ఉదాహరణ ఉంది. స్పెయిన్‌లోని సరగోసా ఆసుపత్రిలో పేద రోగులు పొద్దున్నే పొలాలకు, తోటలకు వెళ్లి పనిచేసి చాలామంది కోలుకుంటున్నారనీ, పని తమ స్థాయికి తగదనుకునే గొప్పింటి రోగులు మాత్రం అరుదుగా బాగుపడుతున్నారనీ ఆయన రాశాడు. ఆ మాటను తర్వాతి తరాల వైద్యులు పదే పదే ఉదహరించారు. సాక్ష్యంగా అది అంత గట్టిది కాదు. ఇంట్లో సాకలేక పేదవాణ్ణి త్వరగా ఆసుపత్రికి తెచ్చేవారేమో, జబ్బు ముదిరి పరువు దాటాకే గొప్పవాణ్ణి చేర్చేవారేమో. రెండు గుంపులను పోల్చేటప్పుడు అడగాల్సిన ఈ ప్రశ్నలు అప్పట్లో ఎవరూ అడగలేదు. పైగా ఆ కథలోనే ఒక చిక్కు ఉంది. పని మందే అయితే, డబ్బున్నవాడికి ఆ మందు వద్దనే హక్కు ఉంది, పేదవాడికి లేదు. తర్వాతి నూట యాభై ఏళ్లూ ఈ చిక్కు తెగలేదు.

లండన్ శివారులో 1831లో తెరిచిన హాన్‌వెల్ ఆసుపత్రి దీనికి మంచి రుజువు. దాన్ని నడిపిన విలియం ఎలిస్, మేట్రన్‌గా పనిచేసిన అతని భార్య మిల్‌డ్రెడ్ రోగులతో పనిచేయించడంలో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. రొట్టెల బట్టీ, చాకిరేవు, తోట, కుట్టుపని అన్నీ రోగుల చేతుల మీదే నడిచేవి. ఆడ రోగులు అల్లిన వస్తువులను అమ్మడానికి ఓ చిన్న బజారు కూడా పెట్టారు. చేతికి పని అందాక మనిషి ముఖం మారడం ఎలిస్ దంపతులు కళ్లారా చూశారు, అందులో అబద్ధం లేదు. అయితే 1845 చట్టం ప్రతి కౌంటీలోనూ పేద రోగులకు ఆసుపత్రి కట్టి తీరాలన్నాక ఆ ఆసుపత్రులు వందల మందితో మొదలై వేల మందికి పెరిగాయి. అంత పెద్ద సంస్థకు తిండి, బట్ట, శుభ్రత అన్నీ కావాలి, ఖర్చు పెట్టడానికి మాత్రం పన్ను కట్టేవాడు ఇష్టపడడు. రోగి చేసే పని అక్కడే బడ్జెట్టులోకి ఎక్కింది. బట్టలుతకడంలో నేర్పున్న రోగి కోలుకుని ఇంటికి వెళ్తే ఆసుపత్రికి ఒక చాకలి తగ్గినట్టే. బాగా పనిచేసేవాణ్ణి పంపకపోవడంలో సంస్థకు లాభం ఉన్నప్పుడు, అతను బాగయ్యాడా లేదా అన్న తీర్పు కూడా ఆ సంస్థ చేతిలోనే ఉంటే, ఆ తీర్పును ఎంతవరకు నమ్మగలం?

మన దేశానికి ఈ ఏర్పాటు వలస పాలన వెంట వచ్చింది. మద్రాసులోని కిల్పాక్ ఆసుపత్రి, విశాఖపట్నంలో వాల్తేరు ఆసుపత్రి రెండూ 1871 ప్రాంతంలోవే. ఆనాటి దేశీయుల ఆసుపత్రుల వార్షిక నివేదికల్లో ఎంతమంది చేరారు, ఎంతమంది పోయారు అన్న లెక్కల పక్కనే రోగుల శ్రమ విలువ ఎన్ని రూపాయలన్న లెక్క కూడా ఉండేది. నూనె గానుగలు, నేత, కూరగాయల సాగు వీటిలో రోగులు ఎంత రాబట్టారో పైవాళ్లకు చూపించుకోవడం సూపరింటెండెంటుకు గొప్ప. యూరోపియన్ రోగులకు మాత్రం ఆటలు, సంగీతం, పత్రికలు, షికార్లు. ఒకే జబ్బుకు తెల్లవాడికి వినోదం, నల్లవాడికి గానుగ వైద్యమైతే, ఆ తేడా వైద్యశాస్త్రం చెప్పింది కాదు. 1918లో యూరోపియన్ల కోసం తెరిచిన రాంచీ ఆసుపత్రిలో ఓవెన్ బర్క్‌లీ హిల్ 1922లో ఆక్యుపేషనల్ థెరపీ విభాగం పెట్టాడు. మన దేశంలో ఆ పేరుతో మొదటిది అదే. దానికి దగ్గర్లోనే కాంకేలో 1925లో భారతీయుల కోసం పెట్టిన ఆసుపత్రిని నడిపిన పార్సీ వైద్యుడు జాల్ ధంజీభాయ్ అదే చికిత్స తన రోగులకూ అందాలని పట్టుబట్టి తెచ్చాడు. ఆ చరిత్రను చరిత్రకారిణి వాల్‌ట్రాడ్ ఎర్న్‌స్ట్ విపులంగా రాసింది. రంగు గీతను దాటించిన ధంజీభాయ్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

పని అన్నది పద్ధతి ఉన్న వైద్యంగా రూపు కట్టింది అమెరికాలో. స్విట్జర్లండు నుంచి వలస వచ్చిన మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్ మానసిక రోగాన్ని చాలావరకు జీవించే తీరులో వచ్చిన చెదరుగా చూశాడు. నిద్ర, పని, ఆట, విశ్రాంతి అన్న నాలుగింటి లయ చెడిపోయిన మనిషికి ఆ లయ మళ్లీ అలవాటు కావాలంటే ఉపన్యాసాలు చాలవు, చేసి అనుభవించే అవకాశాలు కావాలి. 1921లో బాల్టిమోర్ సమావేశంలో చదివి 1922లో ప్రచురించిన వ్యాసంలో ఆయన చెప్పిన సారం ఇదే. ఆయన దగ్గర పనిచేసిన ఎలినోర్ క్లార్క్ స్లేగల్ ఆ ఆలోచనను వార్డులోకి తెచ్చింది. 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో ఈ వృత్తికి జాతీయ సంఘం పెట్టిన కొద్దిమందిలో ఆమె ఒకరు. సభ జరిగిన ఇంటివాడు, ఆర్కిటెక్టు జార్జ్ బార్టన్ స్వయంగా క్షయ, పక్షవాతం అనుభవించి, చేతిపనులతో తన్ను తాను కూడదీసుకున్నవాడు.

స్లేగల్ చేసిన పని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే మందుకూ చాకిరీకీ తేడా అక్కడ కళ్లకు కడుతుంది. ఏళ్ల తరబడి గోడ వైపు తిరిగి కూర్చున్న, ఇక లాభం లేదని వదిలేసిన రోగులను ఆమె ఎంచుకుంది. రోజంతటికీ ఒక క్రమం వేసింది: లేవడం, ముఖం కడుక్కోవడం, బట్టలు మార్చుకోవడం, చెంచాతో తినడం, పక్క సర్దుకోవడం, కాసేపు చేతిపని, ఆరుబయట నడక, ఆట, నిద్ర. అలవాట్ల శిక్షణ అని దానికి పేరు. అందులో ఆసుపత్రికి లాభం తెచ్చేది ఏదీ లేదు. ఒక్కో రోగి వెంట మనిషిని పెట్టాలి కనుక ఖర్చు పెరుగుతుంది. ఇక చేతిపని. అప్పటి వార్డుల్లో బాగా వాడిన పేము బుట్ట అల్లకం తీసుకుందాం. పేము ఎండుగా ఉంటే విరుగుతుంది, ముందు నీళ్లలో నానబెట్టాలి, అంటే కాసేపు ఆగడం నేర్చుకోవాలి. అడుగున నిలువు పుల్లలు బేసి సంఖ్యలో పెడితేనే ఒకే పోగు ఒకదాని ముందు నుంచి, మరోదాని వెనక నుంచి ఆగకుండా చుట్టూ తిరుగుతుంది, సరి సంఖ్య అయితే రెండో చుట్టు మొదటి చుట్టు మీదే పడి అల్లిక నిలవదు. తప్పు జరిగితే అక్కడికక్కడే కంటికి కనిపిస్తుంది, విప్పి మళ్లీ అల్లొచ్చు, ఎవరూ తిట్టరు. ఆలోచన ఒక చోట నిలవనివాడికి రెండు చేతులూ ఒకే లయలో పడతాయి. దిగులుతో ఏదీ మొదలుపెట్టలేనివాడికి ముందు అరగంటలో ముగిసే చిన్న ముక్క ఇస్తారు. అది ముగిశాకే కాస్త పెద్దది. తనకు ఏమీ చేతకాదని నమ్మిన మనిషి చేతిలో తను చేసిన వస్తువు ఉంటుంది. బుట్ట ఎలా వచ్చిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఏ మెట్టు దగ్గర మనిషి ఆగిపోయాడో అదే థెరపిస్టు రాసుకోవాల్సింది. అదే రోగి చేత అదే బుట్ట రోజుకు పదేసి అల్లించి సంతలో అమ్మితే లెక్క తిరగబడుతుంది, మనిషి ఎక్కడ ఆగాడన్నది ఇక ఎవరికీ పట్టదు.

ఈ తిరగబడడం ఎంత దూరం పోగలదో జర్మనీ చూపించింది. 1900 నాటికి అక్కడి ఆసుపత్రుల్లో రోగులను మంచానికి పరిమితం చేయడమే వైద్యం. వార్‌స్టైన్‌లో కొత్త ఆసుపత్రి కడుతూ 1905లో ఆవరణ చదును చేయడానికి కూలీలు చాలక, హెర్మాన్ జిమోన్ అనే వైద్యుడు మంచాల మీదున్న రోగులను కూడా పలుగూ పారా ఇచ్చి బయటికి తెచ్చాడు. వార్డుల్లో అల్లరి తగ్గింది, కేకలు తగ్గాయి. గ్యూటర్స్‌లో ఆసుపత్రికి మారాక ఆ పద్ధతిని విస్తరించి 1929లో పుస్తకం రాశాడు. యూరప్ నలుమూలల నుంచీ వైద్యులు చూడడానికి వెళ్లారు. వైద్యపరంగా ఆయన పరిశీలన నిజమే, చేతులు కట్టుకు కూర్చోవడమే సగం జబ్బును పెంచుతుందని ఆయన పట్టుకున్నాడు. కానీ మనిషి సమాజానికి పనికి రావాలి, పనికిరానివాడు బరువు అన్న జాతి శుద్ధి భావాలు కూడా ఆయనకు గట్టిగానే ఉండేవి. పని అనేది రోగి కోసం కాక రోగిని తూచడానికి వాడే తూకపు రాయి అయిపోయింది. 1939లో నాజీ ప్రభుత్వం ఆసుపత్రులకు పంపిన ఫారాల్లో రోగి ఏ పని చేస్తున్నాడో రాయమని అడిగారు. రోగి ముఖం చూడకుండా ఆ కాగితం మీదే వైద్యులు గుర్తు పెట్టారు. 1941 ఆగస్టు దాకా హాడమార్, హార్ట్‌హైమ్ లాంటి ఆరు చోట్ల గ్యాస్ గదుల్లో 70,000 మందికి పైగా చనిపోయారు. దొరికిన సుమారు 30,000 కేసు ఫైళ్ల నుంచి తీసుకున్న నమూనాలను పరిశీలించిన చరిత్రకారులు, ఎవరు చావాలి ఎవరు బతకాలి అన్నదాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తేల్చింది పనిచేసే శక్తేనని కనుగొన్నారు.

నేరం నాజీలది, దాన్ని పని చికిత్స మీద మోపడం అన్యాయమని ఎవరైనా అనొచ్చు. ఆ మాటలో నిజం ఉంది. జిమోన్ పద్ధతి వాడిన అన్ని చోట్లా హత్యలు జరగలేదు, హత్యలకు మూలం వేరే రాజకీయం. అయినా ఆ ఫారంలో పని గురించిన ప్రశ్న ఎలా వచ్చిందో మర్చిపోకూడదు. రోగి ఎంత పనికొస్తాడు అన్న లెక్క ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా అలవాటైన లెక్క. హంతకులు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేకపోయింది, ఉన్న పుస్తకాన్నే తెరిచారు. అందుకే పని మంచిదా చెడ్డదా అన్న వాదన నాకు పొట్టులా తోస్తుంది. ఎవరి లెక్కలో రాస్తున్నారన్నదే గింజ.

యుద్ధం తర్వాత ప్రజాస్వామ్య దేశాల్లోనే ఈ లెక్క కోర్టుకు ఎక్కింది. అమెరికా ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులు వంటశాలల్లో, చాకిరేవుల్లో, పొలాల్లో జీతం లేకుండా ఏళ్లకేళ్లు పనిచేశారు, దాన్ని చికిత్స అనేవారు. 1973లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు సౌడర్ వర్సెస్ బ్రెన్నన్ కేసులో, ఆసుపత్రికి ఆర్థిక ప్రయోజనం కలిగించే పని చేసే రోగికి కనీస వేతన చట్టం వర్తిస్తుందనీ, ఆ పని వల్ల రోగికి మేలు జరిగినంత మాత్రాన అతను ఉద్యోగి కాకుండా పోడనీ తేల్చింది. ఇక్కడే బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. వేతనం ఇవ్వాల్సి వచ్చేసరికి చాలా ఆసుపత్రులు పనే ఆపేశాయి, రోగులు టీవీ ముందు కుర్చీల్లో మిగిలిపోయారు. హక్కు గెలిచింది, మనిషి ఓడిపోయాడని అప్పట్లో చాలామంది అన్నారు. దీన్ని తేలిగ్గా తోసేయకూడదు, ఎందుకంటే ఖాళీగా ఉండడం ఎంత హానికరమో గట్టి సాక్ష్యమే ఉంది. జాన్ వింగ్, జార్జ్ బ్రౌన్ ఇంగ్లండులోని మూడు ఆసుపత్రుల్లో ఏళ్లుగా ఉంటున్న స్కిజోఫ్రేనియా ఉన్న ఆడవాళ్లను 1960 నుంచి ఎనిమిదేళ్లు గమనించారు. రోజులో ఎన్ని గంటలు ఏ పనీ లేకుండా గడుస్తున్నాయో కొలిచారు. ఒక్కొక్కరికీ సొంతంగా దువ్వెన ఉందా, అద్దం ఉందా, కత్తెర ఉందా అని కూడా లెక్కపెట్టారు. ఖాళీ గంటలు తగ్గినవాళ్లలోనే మాట, చొరవ, ముఖంలో కదలిక మెరుగుపడ్డాయి. మందుల్లో మార్పుతో ఆ మెరుగుదలకు సంబంధం కనబడలేదు. 1970లో వచ్చిన వాళ్ల పుస్తకం ఖాళీతనం తానే ఒక జబ్బని చూపింది.

కానీ ఆ పుస్తకం కూలి లేని చాకిరీకి సమర్థన కాదు. కోర్టు పని ఆపమనలేదు, డబ్బివ్వమంది. ఇవ్వడం ఇష్టం లేక ఆపినవాళ్లు, ఇంతకాలం ఆ పని ఎవరి కోసం పెట్టారో తామే బయటపెట్టుకున్నారు. రోగి మేలు కోసమే అయి ఉంటే, లాభం పోయినా మేలు మిగిలి ఉండేది కదా. ఖాళీతనానికీ వెట్టికీ మధ్య మూడో దారి లేదనడం కూడా సరి కాదు. దాన్ని అదే ఏడాది ఇటలీలో నడిచి చూపించారు. త్రియెస్తె ఆసుపత్రికి 1971లో డైరెక్టరుగా వచ్చిన ఫ్రాంకో బసాలియా, అప్పటిదాకా చికిత్స పేరుతో వరండాలు ఊడుస్తూ, వంటశాలలో గిన్నెలు తోముతూ నామమాత్రపు ప్రతిఫలం పొందుతున్న రోగులతో సహకార సంఘం పెట్టించాడు. 1973 నాటికి అది నడక సాగించింది. అవే వరండాలు, అవే చీపుర్లు, చాలావరకు అవే చేతులు. మారింది ఒప్పందం. సంఘం సభ్యుడిగా సంతకం, యూనియన్ రేటు ప్రకారం కూలి, మానేసే హక్కు. జీతం చేతిలో పడ్డ మనిషి బజారుకు వెళ్లాలి, అద్దె గది వెతకాలి, ఎవరితో ఉండాలో తేల్చుకోవాలి. గోడ దాటి బయట బతకడానికి కావాల్సిన ప్రతిదీ ఆ జీతం వెంట వచ్చింది. 1978లో ఇటలీ పాత పిచ్చాసుపత్రులను క్రమంగా మూసేసే 180వ నంబరు చట్టం తెచ్చింది, 1991లో ఇలాంటి సంఘాలకు ప్రత్యేక చట్టమే చేసింది.

తీవ్రమైన జబ్బున్నవాడు ఏది ఎంచుకోవాలో ఎలా తెలుసుకుంటాడు, ముందు ఆసుపత్రిలో ఏళ్లపాటు శిక్షణ ఇచ్చి తయారయ్యాకే కదా బయటి ఉద్యోగం అన్నది డాక్టర్ల నుంచీ కుటుంబాల నుంచీ వినిపించే సందేహం. ప్రేమతో పుట్టిన సందేహమే అది. దాన్నీ పరీక్షించి చూశారు. అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ 1990లలో రూపొందించిన పద్ధతిలో రోగి కోరిన ఉద్యోగం ముందు వెతుకుతారు, అందులో ఉండగానే తోడుగా నిలబడి నేర్పుతారు. ఆరు యూరప్ నగరాల్లో 312 మందితో జరిగి 2007లో లాన్సెట్‌లో వచ్చిన పరీక్షలో, ఈ పద్ధతిలో 55 శాతం మందికి మామూలు ఉద్యోగం దొరికింది, ముందు శిక్షణ పద్ధతిలో 28 శాతం మందికే. ఇష్టాన్ని అడగడం దయాగుణం చూపడం కోసం కాదు, చికిత్స పనిచేయడానికే కావాలి.

మన దేశంలో ఈ వృత్తికి చదువు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదలైంది. మొదలుపెట్టిన కమలా నింబ్కర్ అమెరికాలో క్వేకర్ కుటుంబంలో పుట్టి, మన దేశపు కోడలై, ఫిలడెల్ఫియాలో ఈ విద్య నేర్చి వచ్చిన మనిషి. ట్యూక్ కుటుంబం యార్క్‌లో మొదలుపెట్టిన ఆలోచన అలా నూట యాభై ఏళ్లకు అదే మతస్తురాలి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చింది. 1952లో ఈ వృత్తికి ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో భారత్ ఒకటి. చట్టం వెనకబడింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షను వచ్చేదాకా, రోగిని బలవంతంగా పనిలో పెట్టకూడదనీ, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలనీ మన పుస్తకాలకు ఎక్కలేదు. ఆ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. దాని కింద ఏర్పడాల్సిన సమీక్షా బోర్డుల ముందు రోగి తరఫున కుటుంబమూ ఫిర్యాదు చేయొచ్చు. విశాఖలోనూ ఎర్రగడ్డలోనూ తమవాళ్లను చేర్చిన ఇళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. మా అబ్బాయిని ఏదో ఒక పనిలో పెట్టండి సార్, ఊరికే కూర్చుంటే పాడైపోతాడు అని డాక్టరును బతిమాలడం సహజం, న్యాయం కూడా. దాంతోపాటు ఇంకో రెండు మాటలు అడగడానికి మొహమాటపడక్కర్లేదు: ఏ పని చేస్తానని వాడు చెప్పాడు, చేసినందుకు వాడి పేర ఎంత రాస్తున్నారు.

(వచ్చే భాగం: 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలైన కథ)